బయోస్‌లో కనిపించే డిస్క్ విండోస్ ఇన్‌స్టాలర్‌కు ఎందుకు కనిపించదు?

మీ సమస్యను ముందు క్లుప్తంగా చెప్పి జవాబులోకి వెళతాను. 12వ తరం ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌లో పాత ఎస్ఎస్‌డీని తీసి, కొత్తగా కొన్న 1 టీబీ ఎన్‌వీఎంఈ (వేగవంతమైన కొత్త రకం) ఎస్ఎస్‌డీని బిగించారు. బయోస్‌లో (ఆన్ చేయగానే, విండోస్‌కన్నా ముందు నడిచే సాఫ్ట్‌వేర్‌లో) దాని మోడల్ పేరు, సామర్థ్యం సరిగానే కనిపిస్తున్నాయి. కానీ పెన్‌డ్రైవ్‌తో విండోస్ 11 ఇన్‌స్టాల్ చేయబోతే, ఎక్కడ ఇన్‌స్టాల్ చేయాలో అడిగే తెరపై జాబితా ఖాళీగా ఉంటోంది. డ్రైవ్‌లేవీ దొరకలేదనీ, స్టోరేజ్ డ్రైవర్ (డిస్క్‌తో మాట్లాడే చిన్న సాఫ్ట్‌వేర్) కోసం ‘లోడ్ డ్రైవర్’ నొక్కమనీ కింద సందేశం వస్తోంది. పాడైన డిస్కే వచ్చిందేమో, వెనక్కి పంపేయాలా అని అడిగారు.

పంపవద్దు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఆ డిస్క్‌లో లోపం ఉండే అవకాశం చాలా తక్కువ. డిస్క్ ఉంది, పనిచేస్తోంది, ఇన్‌స్టాలర్‌కు మాత్రమే దాని దగ్గరికి వెళ్లే దారి తెలియడం లేదు. ఈ తేడా గ్రహించక చాలామంది మంచి డిస్కులను మార్పించుకుంటారు, మార్చిన డిస్క్ కూడా కనిపించకపోయేసరికి మదర్‌బోర్డును అనుమానిస్తారు.

ఇలాంటి సందర్భంలో ఏ సెట్టింగూ ముట్టుకోకముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటే: డిస్క్ కనిపించనిది ఎవరికి? బయోస్‌కా, ఇన్‌స్టాలర్‌కా? బయోస్‌కే కనిపించకపోతే అది బిగింపు, కేబుల్, స్లాట్, కరెంటు, లేదా డిస్క్‌కు సంబంధించిన విషయం. ఆ స్థితిలో ఎన్ని డ్రైవర్లు లోడ్ చేసినా ప్రయోజనం ఉండదు. బయోస్‌కు కనిపించి ఇన్‌స్టాలర్‌కు కనిపించకపోతే అది కంట్రోలర్ (డిస్క్‌ను యంత్రంతో కలిపే భాగం) మోడ్‌కో, డ్రైవర్‌కో సంబంధించిన విషయం; ఆ స్థితిలో ల్యాప్‌టాప్ విప్పి డిస్క్‌ను పదేపదే తీసి పెట్టడం వల్ల కనెక్టర్ అరగడం తప్ప ఒరిగేదేమీ లేదు. ఇన్‌స్టాలర్‌కు కూడా కనిపించి, అందులో ఇన్‌స్టాల్ చేయడం కుదరదని చెబితే అది మూడో రకం, డిస్క్‌లోని విభాగాల వివరాలుండే పార్టిషన్ పట్టికకు సంబంధించినది. ఈ మూడింటినీ కలిపేసి దొరికిన సలహాలన్నీ వరసగా అమలు చేసేవారికి చివరికి ఏ మార్పు వల్ల ఏమి జరిగిందో తెలియని పరిస్థితి వస్తుంది.

బయోస్‌లో చూసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. బూట్ క్రమం ఉన్న పేజీలో డిస్క్ పేరు లేకపోవడాన్ని చూసి బయోస్‌కు డిస్క్ అందలేదని నిర్ణయానికి రాకూడదు. యూఈఎఫ్ఐ అనే కొత్త తరం బయోస్ పద్ధతిలో బూట్ జాబితాలో సాధారణంగా బూట్ చేయగలిగిన వ్యవస్థల పేర్లు ఉంటాయి. కొత్త, ఖాళీ డిస్క్‌లో అలాంటిదేమీ ఉండదు కాబట్టి అది ఆ జాబితాలోకి రాకపోవడం సహజమే. చూడవలసినది స్టోరేజ్ వివరాలు, సాటా (హార్డ్ డిస్కులూ, పాత రకం ఎస్ఎస్‌డీలూ వాడే కనెక్షన్) వివరాలు, లేదా ఎన్‌వీఎంఈ కాన్ఫిగరేషన్ అనే పేరుతో ఉండే పేజీ. చాలా మదర్‌బోర్డులలో సాటా డిస్కులు ఒక పేజీలోనూ, ఎన్‌వీఎంఈ డిస్కులు వేరే పేజీలోనూ ఉంటాయి. సాటా పోర్టులన్నీ ఖాళీ అని ఉండడం చూసి ఎన్‌వీఎంఈ డిస్క్ లేదనుకోవడం తరచుగా జరిగే పొరపాటు. మీరు సరైన పేజీలోనే చూశారు, మోడల్ పేరు కూడా రాశారు, కాబట్టి మీది రెండో రకం సమస్య.

మీ యంత్రంలో దానికి దాదాపు ఖాయంగా కారణం ఇంటెల్ వాల్యూమ్ మేనేజ్‌మెంట్ డివైస్, అంటే బయోస్‌లో వీఎండీ అని కనిపించే ఏర్పాటు. ఇది మొదట 2017లో జియాన్ స్కేలబుల్ సర్వర్ ప్రాసెసర్లతో వచ్చింది. 2020లో వచ్చిన 11వ తరం ల్యాప్‌టాప్ ప్రాసెసర్ల నుంచి మామూలు వినియోగదారుల యంత్రాలలోకీ చేరింది. మామూలుగా ఎన్‌వీఎంఈ డిస్క్ పీసీఐ ఎక్స్‌ప్రెస్ మార్గంలో నేరుగా ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఒక పరికరంగా కనిపిస్తుంది, విండోస్‌లో ముందే ఉన్న ఎన్‌వీఎంఈ డ్రైవర్ దాన్ని గుర్తుపడుతుంది. వీఎండీ ఆన్‌లో ఉన్నప్పుడు ఆ మార్గాన్ని ప్రాసెసర్‌లోని వీఎండీ కంట్రోలర్ తన అధీనంలోకి తీసుకుంటుంది. అప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్‌కు పైకి కనిపించేది వీఎండీ కంట్రోలర్ ఒక్కటే. దాని వెనకనున్న డిస్కులు ఆ కంట్రోలర్ డ్రైవర్ ఉన్నవారికే కనిపిస్తాయి. బయోస్‌లో ఆ డ్రైవర్ ఉంటుంది, ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన విండోస్‌లోనూ తయారీదారు ముందే చేర్చి ఉంటారు. మైక్రోసాఫ్ట్ సైటు నుంచి దించుకుని తయారుచేసిన పెన్‌డ్రైవ్‌లో సాధారణంగా అది ఉండదు. తాళం వేసిన గది తలుపు ముందు నిలబడి లోపల ఎవరూ లేరన్నట్టుగా ఇన్‌స్టాలర్ మీకు ఖాళీ జాబితా చూపిస్తోంది.

ఇక్కడి నుంచి రెండు మార్గాలున్నాయి. ఒకటి, ఇన్‌స్టాలర్‌కు ఆ డ్రైవర్‌ను అందించడం. రెండు, బయోస్‌లో వీఎండీని ఆపేయడం. సలహా అడిగిన ప్రతిచోటా రెండోదే ముందు చెబుతారు, అది తేలిక కాబట్టి. నేను మాత్రం మొదటిదాన్నే ముందు ప్రయత్నించమంటాను. ఎందుకంటే అది దేన్నీ మార్చదు. పనిచేస్తే చేస్తుంది, లేకపోతే యంత్రం ఎలా ఉన్నదో అలాగే ఉంటుంది. పైగా తయారీదారు ఏ మోడ్‌లో యంత్రాన్ని పరీక్షించి అమ్మారో అదే మోడ్‌లో అది కొనసాగుతుంది, రేపు వారి రికవరీ పెన్‌డ్రైవ్ వాడవలసి వచ్చినా ఇబ్బంది ఉండదు.

డ్రైవర్ అందించడం ఎలాగో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది విఫలమయ్యేది ఇక్కడే. వేరే కంప్యూటర్‌లో మీ ల్యాప్‌టాప్ తయారీదారు సపోర్ట్ పేజీకి వెళ్లి, మీ మోడల్ నంబరుతో వెతికి, స్టోరేజ్ లేదా చిప్‌సెట్ విభాగంలో ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ టెక్నాలజీ (ఆర్ఎస్‌టీ) పేరుతో ఉన్న డ్రైవర్‌ను దించుకోండి. వీఎండీ డ్రైవర్ ఉండేది అందులోనే. అది సాధారణంగా ఈఎక్స్ఈ రూపంలో వస్తుంది. దాన్ని అలాగే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే ఇన్‌స్టాలర్ దాన్ని డ్రైవర్‌గా గుర్తించదు. దానికి కావలసినవి విడివిడి ఫైళ్లు. విప్పిన ఫోల్డర్‌లో ఐఎన్ఎఫ్, ఎస్‌వైఎస్, క్యాట్ అనే మూడు రకాల ఎక్స్‌టెన్షన్లున్న ఫైళ్లు కనిపించాలి. కొందరు తయారీదారులు ఇచ్చే ఈఎక్స్ఈని రెండుసార్లు నొక్కితే, ఇన్‌స్టాల్ చేయాలా లేక ఎక్స్‌ట్రాక్ట్ మాత్రమే చేయాలా అని అడుగుతుంది. అప్పుడు రెండోది ఎంచుకోండి. ఇంటెల్ సైటులో దొరికే సెటప్ఆర్ఎస్‌టీ అనే ఫైలు అలా అడగదు. దాన్ని కమాండ్ ప్రాంప్ట్‌లో, పేరు తర్వాత ఒక ఖాళీ వదిలి, హైఫన్‌తో మొదలయ్యే ఎక్స్‌ట్రాక్ట్‌డ్రైవర్స్ అనే ఆప్షన్, ఆ తర్వాత ఒక ఫోల్డర్ పేరు ఇచ్చి నడిపితే ఆ ఫోల్డర్‌లోకి డ్రైవర్ ఫైళ్లన్నీ వస్తాయి. కొన్ని ప్యాకేజీలలో ఎఫ్6 అనే అక్షరం, అంకెతో మొదలయ్యే ఫోల్డర్ ఒకటి కనబడుతుంది. విండోస్ ఎక్స్‌పీ కాలంలో ఇన్‌స్టాలేషన్ మొదట్లో ఎఫ్6 కీ నొక్కి ఫ్లాపీ నుంచి స్టోరేజ్ డ్రైవర్ ఇచ్చేవారు. ఆ పేరు ఇప్పటికీ మిగిలింది. మీకు కావలసిన ఫైళ్లు ఉండేది ఆ ఫోల్డర్‌లోనే.

ఆ ఫోల్డర్‌ను విండోస్ ఉన్న అదే పెన్‌డ్రైవ్‌లో, తేలిగ్గా గుర్తుపట్టే ఒక పేరుతో పెట్టండి. రెండో పెన్‌డ్రైవ్ అవసరం లేదు. తర్వాత మళ్లీ ఇన్‌స్టాలర్‌ను బూట్ చేసి, ఖాళీ జాబితా వచ్చిన తెరపై లోడ్ డ్రైవర్ నొక్కి, బ్రౌజ్ ద్వారా ఆ ఫోల్డర్‌ను చూపించండి. సరైన డ్రైవర్ అయితే ఇంటెల్ ఆర్ఎస్‌టీ వీఎండీ కంట్రోలర్ అనే పేరు, దాని వెనక నాలుగు అక్షరాల సంఖ్య ఒకటి వస్తుంది. 11వ తరం ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకు అది 9ఏ0బీ, మీదైన 12వ తరానికి 467ఎఫ్, 13వ తరానికి ఏ77ఎఫ్. ఆ వరసను ఎంచుకుని నెక్స్ట్ నొక్కితే కొద్ది క్షణాలలో డిస్క్ జాబితాలోకి వస్తుంది. రాకపోతే రిఫ్రెష్ ఒకసారి నొక్కి చూడండి.

ఆ తెరపైనే, ఈ కంప్యూటర్ హార్డ్‌వేర్‌కు సరిపడని డ్రైవర్లను దాచు అని ఒక గడి టిక్ పెట్టి ఉంటుంది. జాబితా ఖాళీగా కనిపించగానే ఆ టిక్ తీసేసి, అప్పుడు వచ్చిన పది పేర్లలో ఏదో ఒకటి ఎంచుకోమని కొందరు చెబుతారు. దయచేసి అలా చేయకండి. ఆ గడి మీకు మేలు చేస్తోంది: టిక్ ఉండగా మీ డ్రైవర్ కనిపించలేదంటే అది మీ కంట్రోలర్‌కు సంబంధించినది కాదనే అర్థం, దాన్ని బలవంతంగా ఎక్కించినా డిస్క్ కనిపించదు. వేరే వెర్షన్ తెచ్చుకోవడమే సరైన పని. ఇంటెల్ ఈ డ్రైవర్‌ను ప్రాసెసర్ తరాలను బట్టి వేర్వేరు ప్రధాన వెర్షన్లుగా విడుదల చేస్తుంది కాబట్టి, అన్నిటికన్నా కొత్తది అన్ని యంత్రాలకూ పనికొస్తుందనే నమ్మకం ఇక్కడ చెల్లదు. అందుకే ముందుగా ల్యాప్‌టాప్ తయారీదారు పేజీనే చూడమన్నాను.

ఇక రెండో మార్గం. మీ డిస్క్ కొత్తది, ఖాళీది, యంత్రంలో ఉన్నదీ అదొక్కటే, రెయిడ్ (పలు డిస్కులను కలిపి ఒకటిగా వాడడం) అవసరం కూడా లేదు. కాబట్టి వీఎండీని ఆపేసినా మీకు నష్టమేమీ లేదు. అప్పుడు విండోస్ తన సొంత ఎన్‌వీఎంఈ డ్రైవర్‌తోనే డిస్క్‌ను గుర్తుపడుతుంది, రోజువారీ వాడకంలో మీరు తేడా గమనించలేరు. ఆ ఆప్షన్ ఉండే చోటు మాత్రం తయారీదారును బట్టి మారుతుంది. ఏసూస్ యంత్రాలలో తరచుగా అడ్వాన్స్‌డ్ విభాగంలో వీఎండీ సెటప్ మెనూగా కనిపిస్తుంది. ఏసర్ ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో అసలు కనిపించదు. బయోస్‌లో మెయిన్ ట్యాబ్‌లో ఉండగా కంట్రోల్, ఎస్ కీలు కలిపి నొక్కితే అప్పటిదాకా దాగి ఉన్న వీఎండీ వరస ప్రత్యక్షమవుతుంది. కొన్ని యంత్రాలలో వీఎండీ అనే మాట లేకుండా సాటా ఆపరేషన్ అనే పేరు కింద రెయిడ్ ఆన్, ఏహెచ్‌సీఐ (రెయిడ్ లేని మామూలు మోడ్) అనే రెండు ఆప్షన్లు ఉంటాయి. అప్పుడు ఏహెచ్‌సీఐని ఎంచుకోవాలి. ఆప్షన్ అసలే లేని బయోస్‌లూ ఉన్నాయి. వాటికి డ్రైవర్ ఒక్కటే దారి.

ఇదే సలహాను, ఇప్పటికే విండోస్ ఉన్న యంత్రంలో అమలు చేసేవారి కోసం ఒక హెచ్చరిక తప్పనిసరిగా రాయాలి. పనిచేస్తున్న విండోస్ ఉండగా బయోస్‌లో ఈ మోడ్ మారిస్తే, తర్వాతి బూట్‌లోనే బూట్ డివైస్ అందుబాటులో లేదన్న నీలి తెర రావచ్చు, ఎందుకంటే ఆ విండోస్ పాత కంట్రోలర్ డ్రైవర్‌తోనే మొదలయ్యేలా సిద్ధమై ఉంటుంది. డేటా పోదు; బయోస్‌లో మోడ్‌ను మళ్లీ పాత స్థితికి తెస్తే విండోస్ మామూలుగానే తెరుచుకుంటుంది. కంగారుపడి ఫార్మాట్ చేసేవారే నష్టపోతారు. మోడ్ మార్చక తప్పదనుకుంటే, ముందు విండోస్‌లోని సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి, రీస్టార్ట్ చేసి నేరుగా బయోస్‌లోకి వెళ్లి మోడ్ మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లో తెరుచుకోనిచ్చి, ఆ టిక్ తీసేసి మళ్లీ మామూలుగా బూట్ చేయాలి. సేఫ్ మోడ్‌లో విండోస్ కొత్త కంట్రోలర్‌కు కావలసిన డ్రైవర్‌ను తనంతట తానే సిద్ధం చేసుకుంటుంది. డిస్క్‌పై బిట్‌లాకర్ (విండోస్ ఎన్‌క్రిప్షన్) ఉంటే ఇదంతా మొదలుపెట్టే ముందే రికవరీ కీ వేరేచోట భద్రంగా ఉందో లేదో చూసుకోవాలి. చాలా ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ కాగానే ఎన్‌క్రిప్షన్ దానంతటదే మొదలవుతుంది కాబట్టి, నేను పెట్టలేదు కదా అని ఊరుకోకూడదు.

డ్రైవర్ లోడ్ అయ్యాక కూడా సందేహం మిగిలితే, అదే తెరపై షిఫ్ట్, ఎఫ్10 కీలు కలిపి నొక్కండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కీ కూడా పట్టుకోవాలి. నల్లని కమాండ్ విండో వస్తుంది. అందులో డిస్క్‌పార్ట్ అని ఇచ్చి, ఆ తర్వాత లిస్ట్ డిస్క్ అని ఇస్తే, ఆ క్షణంలో ఇన్‌స్టాలర్‌కు అందుబాటులో ఉన్న డిస్కులన్నీ పరిమాణాలతో సహా కనిపిస్తాయి. మీ 1 టీబీ డిస్క్ అక్కడ 931 జీబీగా కనిపిస్తుంది. తయారీదారు 1000 గుణిజాలలో లెక్కిస్తే విండోస్ 1024 గుణిజాలలో లెక్కిస్తుంది, తేడా అంతే. డిస్క్‌లో ఏదీ తక్కువ కాలేదు. 14 జీబీయో 28 జీబీయో ఉన్న డిస్క్ ఒక్కటే కనిపిస్తే అది మీ పెన్‌డ్రైవ్. సున్నా నంబరు డిస్క్ అంటే లోపలి డిస్కే అనే అలవాటుతో, లోపలిది కనిపించని ఇలాంటి సమయాల్లో పెన్‌డ్రైవ్‌నే తుడిచేసుకునేవారున్నారు. నంబరు చూసి కాదు, పరిమాణం చూసి నిర్ణయించుకోండి.

డిస్క్ కనిపించి, అందులో ఇన్‌స్టాల్ చేయలేమని ఇన్‌స్టాలర్ చెబితే అది పైన నేను మూడోదిగా చెప్పిన రకం. ఎక్కువగా వచ్చేది, డిస్క్‌లో ఎంబీఆర్ (పాత తరహా) పార్టిషన్ పట్టిక ఉంది, యూఈఎఫ్ఐ వ్యవస్థలో జీపీటీ (కొత్త తరహా పట్టిక ఉన్న) డిస్క్‌లోనే విండోస్ ఇన్‌స్టాల్ అవుతుంది అనే సందేశం. డిస్క్‌లో దాచుకోవలసినదేమీ లేకపోతే డిస్క్‌పార్ట్‌లో సెలెక్ట్ డిస్క్ అని, దాని నంబరు ఇచ్చి, క్లీన్ అని, ఆపై కన్వర్ట్ జీపీటీ అని ఇస్తే సరిపోతుంది. క్లీన్ అనే ఆ ఒక్క మాట నిర్ధారణ కూడా అడగకుండా పార్టిషన్ పట్టిక మొత్తాన్ని తుడిచేస్తుంది కాబట్టి, ఎంటర్ నొక్కే ముందు లిస్ట్ డిస్క్ మళ్లీ ఇచ్చి, నక్షత్రం గుర్తు ఏ డిస్క్ పక్కన ఉందో కళ్లారా చూసుకోండి. ఈ సందేశాన్ని చూసి బయోస్‌లో లెగసీ (పాత బయోస్ పద్ధతి) మోడ్‌కు మారేవారున్నారు. విండోస్ 11 అధికారికంగా యూఈఎఫ్ఐనే కోరుతుంది, పైగా ఎంబీఆర్ పట్టికతో మామూలు డిస్కులలో సుమారు 2 టీబీకి మించి వాడుకోలేరు, కాబట్టి అటు వెళ్లడం నేను సమర్థించను.

ఇంకో సందేశం దీన్నే పోలి ఉండి తికమక పెడుతుంది. మీ కంప్యూటర్‌కు కావలసిన మీడియా డ్రైవర్ లేదు అని వస్తే అది చాలా సందర్భాలలో హార్డ్ డిస్క్ గురించి కాదు; ఇన్‌స్టాలర్ తన సొంత పెన్‌డ్రైవ్‌నే చదవలేకపోతోందని అర్థం. పెన్‌డ్రైవ్‌ను వేరే యూఎస్‌బీ పోర్టుకు మార్చి చూడండి, కుదరకపోతే ఐఎస్ఓ ఫైలును (విండోస్ ఇన్‌స్టాలేషన్ ఇమేజ్‌ను) మళ్లీ దించుకుని పెన్‌డ్రైవ్‌ను కొత్తగా తయారుచేయండి.

విండోస్ 7ను కొత్త యంత్రాలలో ఎక్కించాలని చూసేవారికి మరో చిక్కు ఉంది. దాని అసలు ఇన్‌స్టాలర్‌లో ఎన్‌వీఎంఈ డ్రైవరూ లేదు, యూఎస్‌బీ 3 డ్రైవరూ లేదు. ఎన్‌వీఎంఈ కోసం మైక్రోసాఫ్ట్ కేబీ2990941 అనే హాట్‌ఫిక్స్ ఇచ్చింది, దాన్ని ఇమేజ్‌లో ముందే కలపాలి. విండోస్ 8.1 నుంచి ఆ డ్రైవర్ లోపలే ఉంది. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2020 జనవరి 14తో ముగిసింది కాబట్టి, ఏదైనా ప్రత్యేక యంత్రం కోసం తప్పనిసరి అయితే తప్ప ఆ శ్రమ పడవద్దని నా అభిప్రాయం.

ఇప్పుడు బయోస్‌కే డిస్క్ కనిపించని సందర్భం. మీది కాకపోయినా ఇదే ప్రశ్నతో వచ్చే చాలామందిది ఇదే పరిస్థితి కాబట్టి రాస్తున్నాను. ఎం.2 డిస్క్ (మదర్‌బోర్డుపై నేరుగా గుచ్చే సన్నని కార్డు) అయితే ముందు అది సాటాయా, ఎన్‌వీఎంఈయా చూడాలి. రెండూ చూడడానికి ఒకేలా ఉంటాయి, ఎక్కువగా 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. బంగారు రంగు అంచులో సాధారణంగా సాటా రకానికి రెండు గాట్లు, నాలుగు లేన్ల (డేటా దారుల) ఎన్‌వీఎంఈకి ఒకటే గాటు ఉంటాయి. కొన్ని స్లాట్లు ఎన్‌వీఎంఈని మాత్రమే, కొన్ని సాటాను మాత్రమే తీసుకుంటాయి. డిస్క్ స్లాట్‌లో చక్కగా కూర్చున్నంత మాత్రాన ఆ స్లాట్ దాన్ని గుర్తించగలదని కాదు. మాన్యువల్‌లో ఆ స్లాట్ పక్కన ఏమి రాసి ఉందో చూడక తప్పదు. కొన్ని డెస్క్‌టాప్ మదర్‌బోర్డులలో ఇంకో మెలిక ఉంది: ఒక ఎం.2 స్లాట్‌లో డిస్క్ పెడితే ఒకటి రెండు సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి, ఎందుకంటే ఆ రెండూ ఒకే మార్గాన్ని పంచుకుంటాయి. కొత్త ఎన్‌వీఎంఈ పెట్టగానే పాత హార్డ్ డిస్క్ మాయమైందని కంగారుపడేవారు ముందు సాటా కేబుల్‌ను వేరే పోర్టుకు మార్చి చూడాలి. ఒకే కార్డుపై నాలుగు ఎం.2 డిస్కులు పెట్టే సాదా అడాప్టర్లలో ఒక్క డిస్కే కనిపిస్తుంటే, బయోస్‌లో ఆ పీసీఐ స్లాట్‌ను నాలుగు నాలుగు లేన్లుగా విడగొట్టే బైఫర్కేషన్ సెట్టింగ్ కావాలి. ఆ సెట్టింగ్ లేని బోర్డులో ఆ కార్డు అలాగే ఉంటుంది.

సాటా హార్డ్ డిస్కుల విషయంలో కేబుల్ మార్చి చూడడం అందరూ చెప్పేదే, అది సరైనదే. అంతగా తెలియని కారణం ఒకటుంది. సాటా 3.3 నిర్దేశం నుంచి కరెంటు కనెక్టర్‌లోని మూడో పిన్నుకు కొత్త పని ఇచ్చారు: దానికి 3.3 వోల్టులు అందుతూ ఉంటే డిస్క్ ఆగిపోయి ఉండాలి. సర్వర్ల కోసం, బయటి ఎన్‌క్లోజర్ల (యూఎస్‌బీ పెట్టెల) కోసం తయారైన కొన్ని పెద్ద డిస్కులను పాత పవర్ సప్లైకి కలిపితే అవి అసలు తిరగనే తిరగవు, శబ్దమే రాదు, చచ్చిపోయినట్టుంటాయి. ఎన్‌క్లోజర్‌లో పనిచేసే డిస్క్ డెస్క్‌టాప్‌లో పెట్టగానే నిశ్శబ్దంగా ఉండిపోతే ఈ సంగతి గుర్తుకు రావాలి. ఆ పిన్నుకు 3.3 వోల్టులు అందించని కేబుల్ వాడితే డిస్క్ తిరుగుతుంది. కేబుళ్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి మరో మాట గట్టిగా చెప్పాలి. మాడ్యులర్ పవర్ సప్లైల కేబుళ్లు డిస్క్ వైపు ఒకేలా ఉన్నా సప్లై వైపు ఒక్కో తయారీదారుకు ఒక్కోలా ఉంటాయి. ఒక సప్లై కేబుల్‌ను ఇంకో సప్లైకి గుచ్చితే తప్పు పిన్నులకు 12 వోల్టులు వెళ్లి డిస్కులు ఆ క్షణంలోనే కాలిపోవచ్చు. డిస్క్ కనిపించలేదని తెచ్చిన కొత్త కేబుల్ వల్ల, మంచి డిస్క్ డేటాతో సహా పోవడం కన్నా బాధాకరమైనది లేదు.

నిజంగా పాడైన డిస్క్ లక్షణాలు వేరుగా ఉంటాయి. బయోస్ తెరుచుకోవడానికే మామూలుకన్నా చాలా ఆలస్యం కావడం, ఒకసారి కనిపించి మరోసారి కనిపించకపోవడం, తిరిగే డిస్క్ అయితే టిక్ టిక్ మంటూ ఒకే లయలో శబ్దం రావడం, ఇన్‌స్టాలర్ డిస్కుల జాబితా దగ్గర నిమిషాల తరబడి ఆగిపోవడం వాటిలో ముఖ్యమైనవి. ఎస్ఎస్‌డీలలో ఫర్మ్‌వేర్ (డిస్క్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్) దెబ్బతిన్నప్పుడు సామర్థ్యం సున్నాగానో, అర్థంలేని చిన్న సంఖ్యగానో కనిపిస్తుంది. కొన్ని సాటా ఎస్ఎస్‌డీలైతే తమ అసలు పేరు వదిలి సాటాఫర్మ్ ఎస్11 అని చెప్పుకుంటాయి. అలాంటి డిస్క్‌లో మీకు కావలసిన ఫైళ్లు ఉంటే ఇన్‌స్టాలేషన్ ప్రయత్నాలన్నీ అక్కడితో ఆపేయాలి. ప్రతిసారీ ఆన్ చేయడం వల్ల, ముఖ్యంగా శబ్దం చేస్తున్న హార్డ్ డిస్క్‌లో, ఫైళ్లు తిరిగి దక్కే అవకాశం తగ్గుతూ పోతుంది.

లినక్స్ ఇన్‌స్టాల్ చేసేవారికి వీఎండీ సాధారణంగా అడ్డు కాదు, కొత్త కెర్నెల్‌లలో (లినక్స్ మూలభాగాలలో) ఆ డ్రైవర్ ఉంటుంది. పాత తరాలలో రెయిడ్ ఆన్ మోడ్ మాత్రం అడ్డే. ఆ మోడ్‌లో ఎన్‌వీఎంఈ డిస్క్ సాటా కంట్రోలర్ వెనక దాగిపోతుంది, కెర్నెల్ దాన్ని వాడలేకపోయినా అక్కడ ఒకటి ఉందని గమనిస్తుంది. టెర్మినల్‌లో డీఎంఈఎస్‌జీ ఇచ్చి చూస్తే, రీమ్యాప్ అయిన ఎన్‌వీఎంఈ డివైస్ ఒకటి ఉందనీ, వాడాలంటే బయోస్‌ను రెయిడ్ నుంచి ఏహెచ్‌సీఐకి మార్చమనీ స్పష్టంగా రాసి ఉంటుంది. విండోస్ ఇన్‌స్టాలర్ కూడా ఇంత సూటిగా చెబితే ఎందరికో శ్రమ తప్పేది. అందుకే విండోస్ ఎక్కించేవారికి కూడా నేను లైవ్ లినక్స్ పెన్‌డ్రైవ్ ఒకటి దగ్గర పెట్టుకోమంటాను: దేన్నీ ఇన్‌స్టాల్ చేయకుండా బూట్ చేసి, ఎల్ఎస్‌బీఎల్‌కే అని ఇస్తే డిస్కుల జాబితా వస్తుంది. అక్కడ మీ డిస్క్ ప్రతిసారీ సరైన పరిమాణంతో కనిపిస్తే, చాలావరకు కావలసింది విండోస్ డ్రైవరే. లినక్స్‌లో డిస్క్ కనిపించి లినక్స్ ఇన్‌స్టాలర్ మాత్రమే దాన్ని జాబితాలో చూపకపోతే, ఆ డిస్క్ గతంలో ఏదైనా రెయిడ్‌లో భాగంగా ఉండి ఆ గుర్తులు ఇంకా మిగిలి ఉన్నాయేమో చూడాలి.

ఏఎండీ యంత్రాలలో వీఎండీ ఉండదు, కాబట్టి సమస్య అరుదు. బయోస్‌లో రెయిడ్ మోడ్ ఆన్ చేసి ఉంటే మాత్రం ఆర్‌సీబాటమ్, ఆర్‌సీరెయిడ్, ఆర్‌సీసీఎఫ్‌జీ అనే మూడు డ్రైవర్లను అదే వరసలో లోడ్ చేయాలి. మొదటిది ఒక్కటే చేసి డిస్క్ రాలేదని వదిలేస్తారు. వర్చువల్ మెషీన్‌లో డిస్క్‌ను వర్ట్ఐఓ (వర్చువల్ మెషీన్ల కోసమే చేసిన పరికర రకం) రకంగా ఇచ్చినప్పుడు కూడా విండోస్ ఇలాగే ఖాళీ జాబితా చూపుతుంది. వర్ట్ఐఓ డ్రైవర్ల ఐఎస్ఓను రెండో సీడీగా తగిలించి లోడ్ డ్రైవర్ ద్వారా ఇస్తే సరిపోతుంది.

మీరు ముందు 467ఎఫ్ డ్రైవర్‌తో ప్రయత్నించండి, అది కుదరకపోతే వీఎండీ ఆపి చూడండి. రెండూ ఒకేసారి చేయకండి. అప్పటికీ జాబితా ఖాళీగానే ఉంటే ల్యాప్‌టాప్ పూర్తి మోడల్ నంబరు, బయోస్ వెర్షన్, ఎస్ఎస్‌డీ మోడల్, లోడ్ డ్రైవర్ తెరపై ఏ పేర్లు వచ్చాయి లేదా ఏ సందేశం వచ్చింది, డిస్క్‌పార్ట్‌లో లిస్ట్ డిస్క్ ఏమి చూపింది, లైవ్ లినక్స్‌లో డిస్క్ కనిపించిందా లేదా అనేవి రాయండి. పాత ఎస్ఎస్‌డీని మళ్లీ అదే స్లాట్‌లో పెట్టి, అదే పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసినప్పుడు అది జాబితాలో కనిపించిందో లేదో కూడా చూసి రాస్తే, కొత్త డిస్క్ మీద అనుమానం ఉంచాలో తీసేయాలో అప్పుడే చెప్పగలను.